పట్టా యొకచోట, కాపుర మొకచోట



మన పల్లెలలో భూమి తగవు వచ్చినప్పుడు మొట్టమొదట పుట్టెడి ప్రశ్న "కాగిత మెక్కడ?" అనునది. రెండవ ప్రశ్న "స్వాధీనమున నెవరున్నారు?" అనునది. మూడవ ప్రశ్నయు నొకటి కలదు గాని, దాని నడుగువారు తక్కువ. "అంతకుముం దచ్చట నెవరుండిరి?" అనునదియే యది. ఈ మూడు ప్రశ్నలును ఒక్కచో చిక్కుపడిన పాత కథ నొకదానిని నేడు మీకు విన్నవింతును. ఇది మన దేశపు కథ కాదు. నాలుగువందల యేండ్లకు పూర్వము, 1620వ సంవత్సరమున, ఇంగ్లండునుండి యొక యోడలో బయలుదేరి అమెరికా తీరము చేరినవారి కథ. వారు పోదలచిన తావొకటి. పట్టా పుచ్చుకొన్నదియు నా తావునకే. శాశ్వతముగా కాపురము నిలిచిన తావు మాత్రము వేరొకటి.

నేను బడిలో చదువుకొన్న దినములలో ఈ కథను పది పంక్తులలో నేర్చితిని. ఓడ పేరు మేఫ్లవరు, దిగినవారు భక్తులు, చలికి సగముమంది చనిపోయిరి, మిగిలినవారు పంట పండించి విందు చేసికొనిరి. అంతే. పెద్దవాడనైన పిమ్మట, వారి నాయకులలో నొకడైన విలియం బ్రాడ్ఫర్డు స్వహస్తముతో వ్రాసిన వృత్తాంతమును చదివితిని. అప్పుడు నాకు, ఆ పది పంక్తులలో విడిచిపెట్టిన సంగతులే ముఖ్యమైనవని తోచినది.

మొదట వారెవరో చెప్పెదను. ఆ కాలమున ఇంగ్లండులో రాజు ఏర్పరచిన దేవాలయ పద్ధతినే ప్రజలెల్లరు ననుసరింపవలసి యుండెను. దానికి వేరుగా సమావేశమై ప్రార్థన చేసికొనుట నేరము. నాటింగుహాము మండలమందలి స్క్రూబీ యను పల్లెలోను, దాని చుట్టుపట్లను గల కొందరు, మాకు మా పద్ధతియే చాలునని వేరుపడిరి. వారికి జుల్మానాలు, చెఱసాలలు తప్పలేదు. 1607, 1608 సంవత్సరములలో వారు రహస్యముగా సముద్రము దాటి హాలండు చేరిరి. 1609లో లైడెన్ పట్టణమున నిలిచిరి. వీరిలో పెక్కుమంది సేద్యమునకు అలవాటుపడిన పల్లెటూరివారు. లైడెన్ బట్టలనేతకు ప్రసిద్ధి. నాగలి పట్టిన చేతులతో మగ్గము పట్టవలసివచ్చెను. బ్రాడ్ఫర్డుకూడ నేతపని చేసియే బ్రదికెను.

హాలండులో మతస్వేచ్ఛ యుండెను గాని, బ్రదుకు గట్టిది. పెద్దలు పనిచేసి చేసి అకాలమున ముసలివారగుచుండిరి. పిల్లలు చిన్ననాటనే బరువుపనులలో పడి నడుములు వంగుచుండిరి. కొందరు పట్టణపు పోకడలలో పడి తల్లిదండ్రుల భాషనే మరచుచుండిరి. దీనికి తోడు, స్పెయిను రాజ్యమునకును హాలండునకును నడుమనున్న పండ్రెండేండ్ల సంధి 1621లో ముగియనుండెను. మరల యుద్ధము వచ్చిన మన గతియేమను భయము పుట్టెను. పదిమంది కూర్చుండి ఆలోచించిరి. కొందరు దక్షిణ అమెరికాలోని గయానాకు పోదమనిరి. తుదకు ఉత్తర అమెరికాలోని వర్జీనియా సీమ మేలని తీర్మానించిరి.

ఇక కాగితము మాట. నాడు వర్జీనియా యను పేరు చాల పెద్ద ప్రాంతమునకు చెల్లుచుండెను. దాని యుత్తరపు హద్దు హడ్సను నది ముఖద్వారముదాక పోవుచుండెను. నేడు న్యూయార్కు మహానగరమున్న తావదియే. ఆ చుట్టుపట్ల కాపురముండుటకు వీరు వర్జీనియా కంపెనీనుండి పట్టా సంపాదించిరి. చేత ధనము లేదు గనుక లండను వర్తకులతో ఒడంబడిక చేసికొనిరి. పెట్టుబడి వర్తకులది, కాయకష్టము వీరిది. ఏడేండ్లు ఉమ్మడిగా పనిచేసి, గడువు తీరిన పిమ్మట వచ్చిన లాభమును, భూమిని, ఇండ్లను పంచుకొనవలెను. ఈ ఏర్పాటు వీరికి రుచింపలేదు. అయినను గత్యంతరము లేక తలయొగ్గిరి. వర్తకులు తమ తరపున మఱికొందరు కూలీలను, పనివాండ్రను, కుటుంబములను చేర్చిరి. కావున ఓడలో సుమారు సగముమంది లైడెన్ భక్తులు. తక్కినవారు వారికి ముఖపరిచయము లేని క్రొత్తవారు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. దీనితో ముందు పని యున్నది.

ప్రయాణ మారంభముననే విఘ్నములు. వారికి రెండోడలు. చిన్నదాని పేరు స్పీడ్వెల్. 1620 ఆగష్టులో రెండును కలిసి బయలుదేరగా చిన్నయోడకు నీరు కారసాగెను. వెనుకకు వచ్చి బాగుచేయించిరి. మరల బయలుదేరిరి, మరల నీరు కారెను. తుదకు దానిని విడిచిపెట్టి, కొందరిని దింపివేసి, తక్కినవారు మేఫ్లవరు నెక్కిరి. ఇంగ్లండులోని ప్లిమత్తు రేవునుండి సెప్టెంబరు 6వ తేదీన 102 మందితో ఓడ కదలెను. నేను చెప్పెడి తేదీలు నాటి ఇంగ్లండు పంచాంగము ననుసరించినవి. నేటి లెక్కకు పదిదినములు కూడవలెను. వేసవి యంతయు రేవులలోనే గడచిపోయెను. తినవలసిన గింజలో కొంత తీరముననే తినివేసిరి. కార్తె దప్పిన సేద్యమెట్టిదో మీకు చెప్పనక్కరలేదు గదా!

నడిసముద్రమున తుపానులకు ఓడ నడిమి దూలము పగిలెను. ప్రయాణికులు తెచ్చుకొన్న పెద్ద యినుప మరతో దానిని పైకెత్తి, క్రింద స్తంభము నిలిపి బిగించిరి. అరువదియైదు దినముల తరువాత, నవంబరు 9వ తేదీన నేల కనబడెను. అయితే అది హడ్సను నది కాదు. దానికి ఈశాన్యమున ఇన్నూరు మైళ్లకు పైబడి దూరమందున్న కేప్ కాడ్ అను అగ్రము. కొడవలివలె వంగి సముద్రములోనికి చొచ్చుకొనివచ్చిన యిసుకనేల అది. ఓడను దక్షిణముగా త్రిప్పి హడ్సనువైపు పోజూచిరి. సగము దినము పోవుసరికి ఇసుకతిప్పలు, వానిపై విరిగి లేచెడి అలలు అడ్డుపడెను. చీకటి పడవచ్చెను. ఓడ తిప్పపై కూర్చుండిన నొక్కడును మిగులడు. కావున వెనుదిరిగి, 11వ తేదీన ఆ యగ్రపు లోపలివైపున గల రేవులో లంగరు వేసిరి. చలికాలము వచ్చెను, తిండి తరుగుచుండెను, నావికులు మిమ్ము దింపి మేము పోవలెనని తొందరపెట్టుచుండిరి. హడ్సను ఆశ అంతటితో సరి.

హాలండువారు ఓడ నాయకునికి లంచమిచ్చి దారి మరలించిరని 1669లో నతానియేల్ మార్టన్ అను నతడు వ్రాసెను. చరిత్రకారులలో పెక్కుమంది ఈ మాటను నమ్మరు. గాలి, అల, ఇసుక, ఆలస్యము ఈ నాలుగును చాలును, లంచముతో పనిలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న లేచినది. ఆ రేవు వర్జీనియా హద్దుకు వెలుపల నున్నది. చేతనున్న పట్టా అచ్చట చెల్లదు. ఓడలోని క్రొత్తవారిలో కొందరు, "నేలపై కాలు మోపిన వెంటనే మా యిష్టము మాది, మమ్ము శాసించు నధికారము మీకెవ్వరికిని లేదు" అని పలుకసాగిరి. న్యాయముగా చూచిన వారి మాట తప్పు కాదు. కాని అడవి యెదుట, చలి ముంగిట, నూరుమంది నూరు దారులైన బ్రదుకుట యెట్లు? దిగకముందే, ఓడలోనే ఒక చిన్న కాగితము వ్రాసికొనిరి. రాజునకు విధేయులమై యుండి, మేమందరము ఒక్క సంఘముగా కూడుచున్నాము. అందరి మేలుకొరకు న్యాయమైన, సమానమైన కట్టుబాట్లను అప్పటప్పట చేసికొందుము. వానికి లోబడుదుము అని దాని సారాంశము. నలువదియొక్కరు పురుషులు చేవ్రాళ్లు చేసిరి. అందు భక్తులును గలరు, క్రొత్తవారును గలరు, సేవకులు కొందరును గలరు. స్త్రీలను మాత్రము అడుగలేదు. జాన్ కార్వరు అనువానిని పెద్దగా ఎన్నుకొనిరి.

ఈ కాగితమును గొప్పచేసి ప్రజాప్రభుత్వమునకు పునాది యని వ్రాసినవారు కలరు. నాకంత దూరము పోవలెనని లేదు. చెల్లని పట్టా చేతబట్టుకొని, కలహము పుట్టబోవు గడియలో, కొట్టుకొనుటకు మారుగా కూర్చుండి వ్రాసికొనిరి. అదియే దాని గొప్ప. మన గ్రామసభలలో తగవు తీర్చిన పెద్దలకు ఆ పని విలువ తెలియును.

రెండవ ప్రశ్నకు వత్తము. ఆయుధములు ధరించిన కొందరు తావు వెదకుటకై తీరమున తిరిగిరి. ఒకచోట ఇసుక దిబ్బలు చేతులతో సరిచేసినట్లు కనబడెను. త్రవ్వి చూడగా గంప నిండ మొక్కజొన్న. పసుపు, ఎఱుపు, నీలము రంగుల గింజలు. అది ఆ సీమవారి పాతర. మనవారి పాతరలవంటిదే. యజమాను లెవరో తెలియదు. ఎచ్చటనో యున్నారని మాత్రము తెలియును. గింజలను ఎత్తుకొనిరి. రెండవమారు వచ్చి మరికొంత తీసికొనిరి. యజమానులు కనబడినపుడు వెల యిత్తుమని తమలో తామనుకొనిరి. మఱుసటి సంవత్సరము ఆ బాకీ తీర్చిరని బ్రాడ్ఫర్డు వ్రాసెను. అయినను ఒకరి విత్తనపు గింజలు పోయినవి. వేరొకరికి విత్తనము దొరికినది. ఆ గింజలే లేకున్న మరుసటి యేడు విత్తుటకు తమకేమియు లేకుండెడిదని ఆయనయే యొప్పుకొనెను.

డిసెంబరులో వారు అఖాతమున కావలి యొడ్డున మంచి తావొకటి చూచిరి. ఓడలాగు రేవు, మంచినీటి యేరు, ఎత్తైన మిట్ట, అన్నిటికంటె మిన్నగా, చెట్లు నరికి చదునుచేసిన చేలు. దానికి ప్లిమత్తు అను పేరు అంతకుముందే పటములో నెక్కియుండెను. అచ్చటనే గుడిసెలు వేయ నారంభించిరి. చలియు, తిండిలేమియు, రోగమును కలిసి మార్చి వచ్చులోపల ఇంచుమించు సగముమందిని బలిగొనినవి. రోగులకు నీళ్లిచ్చుటకు ఆరేడుగురు మాత్రమే నిలువగలిగిన దినములు కూడ నుండెను. తమ వంతు తిండి పిల్లలకు పెట్టిరో యేమో, గృహిణులలో పంటకాలమునకు నలుగురే బ్రదికి యుండిరి. 1621 ఏప్రిలులో మేఫ్లవరు తిరిగి ఇంగ్లండునకు పోయెను. ఆ చలికాలము గడిపినవారికి తిరుగు ప్రయాణము నోరూరించునది కాదా? కాని కాపురమునకై వచ్చినవారిలో ఒక్కరును ఓడ నెక్కలేదు. నా దృష్టిలో వారు ఆ దేశమున శాశ్వత నివాసులైనది ఆ దినమున. కార్వరు ఆ నెలలోనే మరణింపగా బ్రాడ్ఫర్డు పెద్ద యయ్యెను.

ఇక మూడవ ప్రశ్న. ఆ చదును చేసిన చేలు ఎవరివి? అది పటక్సెట్ అను గ్రామము. వాంపనోగ్ అను జాతివారు తరతరములుగా అచ్చట సేద్యము చేసికొని బ్రదికిరి. 1616 మొదలు 1619 వరకు, ఐరోపా యోడలతో వచ్చిన అంటురోగ మొకటి ఆ తీరమంతయు ప్రాకెను. పటక్సెట్ గ్రామము మొదలంట తుడిచిపెట్టుకొనిపోయెను. పాతిపెట్టువారు లేక ఎముకలు పైననే పడియుండిన తావులు కలవని క్రొత్తగా వచ్చినవారే వ్రాసిరి. మనము బీడు అనుకొన్నది ఒక్కొక్కప్పుడు శ్మశానము.

ఆ గ్రామమువా డొక్కడు మిగిలెను. వాని పేరు టిస్క్వాంటం. 1614లో టామస్ హంట్ అను ఆంగ్ల నావికుడు వానిని మరి కొందరితో గూడ మోసగించి ఓడలో వేసికొనిపోయి స్పెయినులో అమ్మజూచెను. వాడు ఎట్లో తప్పించుకొని ఇంగ్లండు చేరి ఆ భాష నేర్చెను. 1619లో స్వగ్రామమునకు తిరిగివచ్చి చూడగా, పిలిచినచో పలుకువాడు లేడు. మఱునాటి యేడు చలికాలమున, తనను దొంగిలించినవారి భాషయే మాటలాడువారు వచ్చి, తన యూరిచేలలో గుడిసెలు వేసికొనిరి. వాడే 1621 వసంతమున వారియొద్దకు వచ్చి, ఏటికి ఎదురెక్కి వచ్చెడి చేపలను పట్టి, గింజ పక్కన ఎరువుగా పెట్టి మొక్కజొన్న విత్తు విధమును నేర్పెను. ఇరువది యెకరముల మొక్కజొన్న పండెను. ఇంగ్లండునుండి తెచ్చిన బఠానీ పూతలోనే ఎండకు మాడిపోయెను. ఆ వలస నిలిచినది పట్టావలన గాదు. ఊరు కోల్పోయిన వాని చేతిపని వలన.

అదే మార్చినెలలో వాంపనోగ్ జాతి పెద్ద మాససాయిట్ వారితో సంధి చేసికొనెను. ఒకరినొకరు బాధింపరాదు, బాధించినవానిని అప్పగింపవలెను, దొంగసొత్తు తిరిగి యీయవలెను, అన్యాయముగా ఎవరైన పైబడిన తోడుపడవలెను. ఆయనకును అవసరము లేకపోలేదు. రోగముచే ఆయన జనము పలుచబడెను. రోగము తగులని నారగాన్సెట్ అను పొరుగుజాతి ఒత్తిడి చేయుచుండెను. పంటకాలమున తొంబదిమందితో ఆయన వచ్చి, ఐదు జింకలను తెచ్చి, మూడుదినములు విందులో పాల్గొనెను. 1623లో ఆయనకు జబ్బుచేయగా ఎడ్వర్డు విన్స్లో అను నతడు పోయి దగ్గరనుండి సేవచేసెను. ఆ సంధి మాససాయిట్ బ్రదికినంతకాలము, నలువది యేండ్లు, నిలిచెను.

చెల్లెడి పట్టా 1621 నవంబరులో వేరొక యోడలో వచ్చెను. న్యూ ఇంగ్లండు మండలివారు దాని నిచ్చిరి. ఒక సంవత్సరము ఆ యూరు పట్టాలేకయే నడచినదన్నమాట. ఉమ్మడి సేద్యమువలన పని సాగుట లేదని 1623లో కుటుంబమునకు కొంత చొప్పున చేను పంచి యిచ్చిరి. 1627లో వర్తకుల భాగమును 1800 పౌనులకు కొనివేసిరి. ఆ ఋణము తీరుటకు మఱి కొన్నేండ్లు పట్టెను. కాగితపు బాకీలు ఎంత ఆలస్యముగనైన తీర్చిరి. పాతరగింజల బాకీయు తీర్చిరి.

తీరనిది ఒకటి మిగిలెను. ఏటేట క్రొత్త ఓడలు వచ్చెను. చుట్టును క్రొత్త వలసలు లేచెను. వలసవారి పశువులు, పందులు కంచెలేని వాంపనోగ్ చేలలో పడి మేయసాగినవి. చేను పడిన పశువువలన ఎన్ని కొంపలు కూలునో మీరెఱుగుదురు. భూమి చెయ్యి మారుచుండెను; క్రయపత్రములు పెరుగుచుండెను; చేలు తరుగుచుండెను. 1661 ప్రాంతమున మాససాయిట్ గతించెను. ఆయన రెండవకుమారుడు మెటకామ్. ఆంగ్లేయులు ఫిలిప్పని పిలిచిరి. 1675లో యుద్ధము వచ్చెను. ఇరువైపుల ఊళ్లు కాలిపోయినవి. 1676 ఆగష్టులో మెటకామ్ హతుడయ్యెను. వాని తలను నరికి తెచ్చి, వాని తండ్రి విందారగించిన ఆ ప్లిమత్తులోనే గడకు గ్రుచ్చి నిలిపిరి. అది ఏండ్లతరబడి అచ్చటనే యుండెను. పట్టుబడిన వాంపనోగులలో పెక్కండ్రను ఓడలకెక్కించి బానిసలుగా అమ్మిరి. టిస్క్వాంటంను మోసికొనిపోయిన దారియే మరల తెరువబడెను.

కోరిన తావునకు చేరలేకపోవుట ఆ నూటయిద్దరి తప్పు కాదు. మత్సరముతో వారు వచ్చినవారు కారు. ప్రాణము, ధర్మము దక్కించుకొనుటకు వచ్చినవారు. వారి కష్టము నిజము, ఓర్పు నిజము. ఓడలో తమలో తాము చేసికొన్న కట్టుబాటు న్యాయమైనది. కాని ఆ కాగితమున నలువదియొక్క చేవ్రాళ్లే యున్నవి. అందు చేలు దున్ని విడిచినవారి గుర్తు ఒక్కటియు లేదు. మాససాయిట్ సంధి ఆ కొఱతను కొంత పూడ్చెను. సంధి చేసినవారు గతింపగానే, వారి కుమారులు దానిని తమ తండ్రుల మాటగా చూచిరే గాని తమ మాటగా చూడలేదు. అచ్చటనే తప్పు పడినది.

వాంపనోగులు నశింపలేదు. ఆ సీమలో వారి సంతతివారు నేటికిని కలరు. అమెరికాలో నవంబరు మాసమున కృతజ్ఞతాదినమని ఎల్లరు విందులు చేసికొనునపుడు, 1970 మొదలుకొని కొందరు ఆదివాసులు ప్లిమత్తులోని మిట్టపై కూడి ఆ దినమును శోకదినముగా పాటించుచున్నారు. ఒక్క కథకు రెండు తిథులు. ఒకరికి పండుగ, ఒకరికి తద్దినము.

పెద్దలారా! ఊరు విడిచి వచ్చినవారు మన గ్రామములకును వత్తురు. తాము పోదలచిన తావు వేరైయుండవచ్చును. దారి వారిని మనయొద్దకు చేర్చియుండవచ్చును. అట్లే మనలో కొందరు పరుల గ్రామములకు పోవుదురు. వచ్చినవానిని కాగితమడుగుట తప్పు కాదు. కాని అంతతో ఆగక, ఈ నేలమీద అంతకుముందున్న వానికిని, నేడు వచ్చినవానికిని నడుమ మాట కుదిర్చి, ఆ మాటను పిల్లలకు అప్పగించుట పెద్దల పని. ఆ పని చేసినన్నాళ్లు ప్లిమత్తులో నలువది పంటలు నెమ్మదిగా ఇల్లు చేరినవి. మానిన పదునైదేండ్లకే ఊళ్లు కాలినవి.